నలభై ఒకటో నంబరు గుండు

బీదరులో ఏ ఆసుపత్రి అని మాత్రం అడక్కండి, చెప్పను. అందులో ఆపరేషన్ థియేటర్‌లో ఫిలిప్పు అని కట్లు కట్టే డ్రెస్సర్ ఒకడు ఉండేవాడు. చదివింది ఏడో క్లాసు. తండ్రి నిజాం కాలంలో అదే ఆసుపత్రికి తోటమాలి. పద్నాలుగేళ్లకే కట్లగుడ్డలు ఉతికే పనిలో చేరి, ముప్పై అయిదు దాటేసరికి ఎముకల డాక్టరు జీవరాజ్‌కు కుడిచెయ్యి అయ్యాడు. మనిషి మంచివాడే. కాకపోతే తన పని మీద తనకు ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ నమ్మకం. పేటలో ఎవరికి దెబ్బ తగిలినా ముందు అతని గడపే తొక్కేవారు. ‘చిన్న డాక్టరు’ అని పిలిచేవారు. అట్లా పిలవొద్దని చేతులు ఊపుతూనే లోపల మురిసిపోయేవాడు, ఆ సంగతి పేటంతా తెలుసు.

ఆ రోజుల్లో ముసలివాళ్లు జారిపడి తుంటి విరిగితే చాలామంది మంచానికి అంటుకుపోయి, వీపు పుండ్లు పడి, అట్లాగే పోయేవారు. జీవరాజ్ వచ్చాక కొందరికి విరిగిన ఎముక తల తీసేసి ఉక్కుది పెట్టడం మొదలుపెట్టాడు. పైన నున్నటి గుండు, కింద తొడ ఎముకలోకి దిగే కాడ. తుంటిలో దేవుడు చేసి పెట్టిన గిన్నె ఒకటి ఉంటుంది, గుండు అందులో అమరాలి. మరీ పెద్దదైతే గిన్నె అంచు మీద నిలబడిపోతుంది. చిన్నదైతే లోపల ఆడుతుంది, ఆడి ఆడి ఒకరోజు బయటికి వచ్చేస్తుంది. అందుకే తీసిన ఎముక తలను కొలిచి అదే సైజు గుండు పెట్టాలి. హైదరాబాదు దుకాణం నుంచి మూడు సైజులు తెప్పించి, వాడింది ఉంచుకుని, మిగతా రెండూ తిప్పి పంపేవారు. కొలిచేది ఫిలిప్పు. గుండు కాడ మీద చెక్కిన నంబరు చదివేదీ ఫిలిప్పే. డాక్టరు కళ్లు గాయం మీదే ఉంటాయి. చెయ్యి పక్కకు చాచి ‘ఎంత?’ అంటాడు. ఫిలిప్పు చెప్పిందే నంబరు. పదేళ్లలో డాక్టరు ఒక్కసారి కూడా దాన్ని తిప్పి చూసుకోలేదు.

పంతొమ్మిది వందల డెబ్బై మూడు సెప్టెంబరులో బగ్దల్ నుంచి తాయవ్వ అనే ఆమెను తెచ్చారు. అరవై దాటిన మనిషి. పెసరకాయ తెంపడానికి పోయి తడి గట్టు మీద జారింది, తుంటి విరిగింది. వెంట కొడుకు ఖండప్ప, కోడలు సంగమ్మ. సంగమ్మ పుట్టిల్లు హుమ్నాబాదు అవతల దుబల్గుండి. పెళ్లయి నాలుగేళ్లు. అత్తకు ఒళ్లు తుడవడం, తల దువ్వడం, బెడ్‌పాన్ పెట్టి తియ్యడం, అంతా ఆ పిల్లే చేసింది.

ఆపరేషన్ రోజు తీసిన ఎముక తలను ఫిలిప్పు కొలిచాడు. నలభై మూడు వచ్చింది. పళ్లెంలో ఉడకబెట్టిన గుండ్లు మూడూ ఉన్నాయి: నలభై ఒకటి, నలభై మూడు, నలభై అయిదు. పట్కారుతో నలభై మూడును ఎత్తాడు. తడి గుండు కదా, జారింది. గచ్చు మీద పడి ఖంగుమంది.

"ఏం పడింది?" అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండానే.

"ఖాలీ గిన్నె సార్," అన్నాడు ఫిలిప్పు.

అది మొదటి అబద్ధం. కింద పడ్డదాన్ని మళ్లీ ఉడకబెట్టాలంటే అరగంట. నడుముకు ఇచ్చిన మత్తు ఇంకెంతసేపు పనిచేస్తుందో తెలియదు. అయినా ‘పడేశాను సార్, అరగంట ఆగండి’ అంటే డాక్టరు తిట్టి ఊరుకునేవాడు, అంతకంటే ఏమీ అయ్యేది కాదు. ఆ ఒక్క తిట్టు తినడానికి నామోషీ అయింది మన చిన్న డాక్టరుకు. రెండు మిల్లీమీటర్ల తేడాకు ఏమవుతుందిలే అనుకున్నాడు. నలభై ఒకటి ఎత్తి డాక్టరు చేతిలో పెట్టాడు.

"నలభై మూడేనా?"

"నలభై మూడే సార్."

డాక్టరు గుండును గిన్నెలోకి దించి, కాలును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొంచెం వదులుగా ఉందేమో ఫిలిప్పూ," అన్నాడు.

"మత్తుకు కండలు వదులైనయి సార్. లేచినంక బిగుస్తయి," అన్నాడు ఫిలిప్పు. ఈ మాట ఒకప్పుడు డాక్టరు దగ్గర విన్నదే, సమయానికి నోటికొచ్చింది. ఆ తర్వాత రిజిస్టరులో నలభై మూడు అని రాసి, అసలు నలభై మూడును కడిగి, నలభై అయిదుతో కలిపి గుడ్డలో చుట్టి దుకాణానికి పంపేశాడు. దుకాణం లెక్క చూసేదీ తనే. పనయిపోయింది అనుకున్నాడు.

రెండు వారాలకు తాయవ్వను ఇంటికి పంపారు. పోయేటప్పుడు జాగ్రత్తలు చెప్పే పని కూడా ఫిలిప్పుదే. "నేల మీద కూసోనియ్యద్దు. కాలు మీద కాలు ఎయ్యనియ్యద్దు. వంగి చెంబు తీసుకోనియ్యద్దు," అని మూడు వేళ్లు మడిచాడు. సంగమ్మ ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పింది.

అయిదో రోజు తాయవ్వను మంచంతో సహా బండిలో వేసుకుని వచ్చారు. కాలు పొట్టిదైపోయి బొటనవేలు లోపలికి తిరిగి ఉంది. ఏమైందో ఫిలిప్పుకు ఎవరూ చెప్పక్కర్లేదు, గుండు గిన్నెలోంచి బయటికి వచ్చేసింది.

జరిగింది ఇది. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిని మంచిరోజు చూసి పీట మీద కూర్చోబెట్టి, ఎర్రనీళ్లు తిప్పి పారబోయడం వాళ్ల ఇంటి ఆచారం. సంగమ్మ పీట కడిగి ముగ్గేసి అత్తను కూర్చోబెట్టింది. నీళ్లు తిప్పుతుండగానే తుంటిలో టక్కుమంది.

"నేల మీద కూసోవద్దన్నరు సారూ. నేల మీద కూసోపెట్టలే. పీటేసిన," అంది సంగమ్మ.

"నాలుగు వేళ్ల ఎత్తు గూడ ఉండది పీట. అది నేల కాదానె?" అని ఖండప్ప పళ్లు కొరికాడు. మంచం మీది నుంచి తాయవ్వ, "నా కాలు ఇరగ్గొట్టింది. కావాల్నని చేసింది," అని మూలిగింది.

డాక్టరు లోపలి నుంచి వస్తూ "ఏమైంది?" అన్నాడు. అప్పుడు ఎవరూ నోరు తెరవకముందే ఫిలిప్పు అన్నాడు: "పీట మీద కూసోపెట్టిండ్రట సార్. అందుకే జారింది."

అడిగినవాడు లేడు, పిలిచినవాడు లేడు. తానే ముందుకు దూకి ఆ పిల్ల నెత్తిన రుద్దాడు. నలభై ఒకటిని నలభై మూడు అన్న అబద్ధం కంటే ఈ నిజం పెద్ద పాపమని అతనికి అన్న మరుక్షణమే తెలిసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మత్తిచ్చి కాలు లాగి గుండును లోపలికి ఎక్కించారు. మూడు వారాలు కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ఈసారి తాయవ్వ కోడలి చేతి నీళ్లు ముట్టలేదు. సంగమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేది, ఫిలిప్పు అటు పోతే లేచి నిలబడేది.

"అన్నా, నేనింకేమన్న చెయ్యాల్నా?" అని అడిగింది ఒక మధ్యాహ్నం. "నేను చేస్తె బాగైతదంటె ఏదన్న చేస్త."

"దేవుని మీద భారమెయ్యమ్మా," అన్నాడు ఫిలిప్పు. సిగ్గు లేకపోతే సరి. అని, చెప్పుతో కొట్టించుకున్నవాడిలా తల దించుకుని పోయాడు. ఆ వారంలోనే దుబల్గుండి నుంచి సంగమ్మ అన్న వచ్చి చెల్లెల్ని తీసుకుపోయాడు. ‘మా అమ్మ నడిచేదాక నా గడప తొక్కకు,’ అని ఖండప్ప ముఖం మీదే చెప్పి పంపాడు.

ఫిలిప్పుకు అన్నం సయించలేదు. ఆదివారం చర్చిలో ప్రభు సంస్కారం గిన్నె వరస వెంట అతని దగ్గరికి వచ్చింది. పాపం లోపల పెట్టుకుని తాగకూడదని పక్కవాడికి అందించేశాడు. ఆ పై ఆదివారమూ అంతే. ఇంటికొచ్చాక భార్య, "ఒంట్ల బాగలేదా, మనసుల బాగలేదా?" అని నిలదీసింది. "పంటి నొప్పి," అన్నాడు. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధాలకు వెతుక్కునే పనే లేకపోయింది.

నవంబరు మొదట్లో, బరువు విప్పిన నాలుగో రోజున, గుండు మళ్లీ జారింది. ఈసారి పీట లేదు, సంగమ్మ లేదు. మంచం మీదే, బెడ్‌పాన్ పెట్టడానికి నడుము ఎత్తితే జారింది. ఎత్తింది నర్సు, పట్టుకుంది స్వయానా ఖండప్ప. అయినా అతను, "మొదాల ఖరాబు చేసింది ఆమెనే గద, గందుకే మల్ల జారింది," అన్నాడు.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "ఉక్కు ఈమెకు పడలేదు. నా చేతిలోనే ఎక్కడో లోపం ఉంది," అన్నాడు. "గురువారం తీసేద్దాం. గుండు లేకుండా వదిలేస్తే కాలు రెండంగుళాలు పొట్టిదవుతుంది. కర్ర మీద ఈడ్చుకుంటూ బతుకుతుంది, ఏం చేస్తాం."

ఫిలిప్పు నోరు విప్పితే ఆ ముసలామె రెండు కాళ్ల మీద నడుస్తుంది. విప్పకపోతే చచ్చేదాకా కుంటుతుంది. ఇంత తేలిక లెక్కకు కూడా అతనికి రెండు రోజులు పట్టింది. ఇరవై రెండేళ్ల పేరు మరి, అంత తొందరగా వదలబుద్ధి కాదు. బుధవారం మధ్యాహ్నం డాక్టరు గది ముందు మూడుసార్లు పచార్లు చేశాడు. బయట గేటు దగ్గర పెయింటరు నిచ్చెనెక్కి బోర్డు మీద మైసూరు రాష్ట్రం అన్నది చెరిపి కర్ణాటక అని రాస్తున్నాడు. వాడిని చూస్తూ కాసేపు గడిపి, ఇక గడపడానికి ఏమీ లేక లోపలికి పోయాడు.

"సార్, గుండు నలభై మూడు కాదు. నలభై ఒకటి," అన్నాడు.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఫిలిప్పు మొత్తం చెప్పాడు, గిన్నె అబద్ధంతో సహా. ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. నిలబడి చెప్పాడు.

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. "పదేళ్లుగా నంబరు నేను చూసుకోలేదు. ఆ తప్పు నాది," అన్నాడు. "మిగిలింది నీది."

"పీటది తప్పు లేదు గద సార్? ఆ పిల్లది?" అన్నాడు ఫిలిప్పు.

"అంత కిందకి కూర్చుంటే, మోకాలు తుంటికంటే పైకి లేస్తే, నలభై మూడైనా జారేదేమో. జారకపోయేదేమో. చిన్నది పెట్టాక ఆ సంగతి ఇంక ఎవరూ చెప్పలేరు. ఒకసారి జారితే చుట్టూ కండ సాగిపోతుంది, రెండోసారి జారడం ఇంకా సులువు."

హైదరాబాదుకు తంతి కొట్టి నలభై మూడు తెప్పించారు. మళ్లీ కోసి, చిన్నది తీసి, సరైనది పెట్టారు. ఈసారి డాక్టరు గుండును దీపం కిందకి తెచ్చి, కాడ మీది అంకెలు తానే రెండుసార్లు చదివాడట. ఫిలిప్పు చూడలేదు. అతన్ని అప్పటికే థియేటర్ నుంచి తీసేసి, బయట కట్లు కట్టే గదిలో వేశారు.

"ఇంట్లోవాళ్లకు సైజు మార్చామని మాత్రం చెప్పాను," అన్నాడు డాక్టరు ఆ సాయంత్రం పిలిచి. "అంతకంటే చెప్పొద్దు. చెప్తే రేపటి నుంచి తుంటి విరిగిన ఏ ముసలివాళ్లనూ ఈ గేటు లోపలికి తేరు. ఇళ్లల్లోనే కుళ్లిపోతారు."

మాటలో నిజం లేకపోలేదు. ఫిలిప్పు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నోరు మూసుకోవడానికి అంతకంటే గౌరవమైన కారణం ఎక్కడ దొరుకుతుంది? నెల రోజులు దాని మీదే బతికాడు.

డిసెంబరు చివర తాయవ్వ చేతికర్రతో నడుచుకుంటూ కట్టుగదికి వచ్చింది. కాళ్లు రెండూ సమానంగా ఉన్నాయి. గాయం చివర చిన్న పుండు మానలేదు, దానికి కట్టు మార్చాలి. బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని ఆమె సంతోషంగా మాటలు మొదలుపెట్టింది.

"నా కొడుక్కు ఏరే సంబంధం చూస్తున్నం ఫిలిప్పు. పొలమున్నోళ్లు. సంక్రాంతి పోయినంక మాట్లాడుకుందామన్నరు."

"ఉన్న కోడలు ఏమాయె పెద్దమ్మా?"

"దాని చేతులు మంచివి కావు. దుబల్గుండిలనె ఉండనీ. మనిషిని మంచానికి ఏసింది, అసొంటి దాన్ని ఇంట్ల ఎట్ల పెట్టుకుంటం?"

ఫిలిప్పు చేతిలోని దూదిని పళ్లెంలో పెట్టేశాడు. డాక్టరు మాట గుర్తుంది, కుళ్లిపోయే ముసలివాళ్లూ గుర్తున్నారు. కానీ ఎదుట ఉన్నది ఈ ముసలామె. ఈమె నోటితో ఒక పిల్ల బతుకు తెగిపోతోంది, దానికి కత్తి నూరి ఇచ్చింది తాను.

"పెద్దమ్మా, మొదాల పెట్టిన గుండు చిన్నది," అన్నాడు. "పెద్దది నా చేతిల నుంచి కింద పడ్డది. భయానికి చిన్నది ఇచ్చిన. డాక్టరు సాబుకు పెద్దదే అని చెప్పిన. నీ కోడలు మీదికి మాట తోసింది కూడ నేనె."

తాయవ్వ కొడుతుందేమో అనుకున్నాడు. అరిచి నలుగురినీ పోగేస్తుందేమో అనుకున్నాడు. ఆమె మెల్లగా లేచి కూర్చుని కొంగు సర్దుకుంది.

"దాని చేతి నీళ్లు తాగలే నేను," అంది. "ఇరవై దినాలు దాహమైతె పక్క మంచపామెను అడిగి తాగిన." కర్ర చేతికి తీసుకుని, "నాకు మొఖం చెల్లది. నా కొడుకు నేను చెప్తె ఇంటడు గాని వాడు పోడు. నువ్వే పో. తోలుకరా," అంది.

మర్నాడు ఫిలిప్పు సెలవు పెట్టి, హుమ్నాబాదులో బస్సు మారి దుబల్గుండిలో దిగాడు. దారి పొడుగునా ఒకటే మాట సిద్ధం చేసుకున్నాడు. తప్పంతా గుండుదేనమ్మా, పీటది రవ్వంత కూడా లేదు. ఇట్లా చెప్పెయ్యాలి, ఆ పిల్ల నెత్తి మీది బరువు పూర్తిగా దించెయ్యాలి. డాక్టరు అన్నది తన దగ్గరే ఉంచుకోవాలి. ఇన్ని అబద్ధాలు సొంతానికి ఆడినవాడు ఒకటి పరాయి పిల్ల కోసం ఆడితే ఏం పోయింది?

సంగమ్మ వాకిట్లో కందికాయ ఒలుస్తోంది. పక్కన వదినె పురిటి మంచం మీద పసిపాపను పడుకోబెట్టుకుని ఉంది. పాప ఏడుస్తోంది. "కొంచెం ఎత్తుకో సంగమ్మా," అని వదినె అంటే, "వద్దొదినె, నేను ముట్ట," అని సంగమ్మ కాయలు ఒలుస్తూనే ఉంది. అంతలో ఫిలిప్పును చూసి లేచి నిలబడింది. "మా అత్తకు మల్ల ఏమన్న అయిందా అన్నా?" అంది.

"లేదమ్మా. నడుస్తుంది. నిన్ను రమ్మన్నది."

నిలబడే చెప్పాడు. గుండు జారడం, నంబరు, పీట మాట తానే ముందుగా అనడం, అన్నీ. సంగమ్మ అన్న కర్ర కోసం చూశాడు, వదినె శాపనార్థాలు పెట్టింది. సంగమ్మ లోపలికి పోయి రెండు చీరలు మూట కట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగింది.

"అన్నా, ఒక్కటి చెప్పు. మంచి గుండు పెట్టి ఉంటె, నేను పీటేసినా జారకపోయేదా?"

ఇదే అడుగుతుందని అతనికి తెలుసు. మాట నాలుక చివరే ఉంది. జారేది కాదమ్మా అంటే సరిపోతుంది. కానీ ఆ పిల్ల అతని ముఖంలోకి నేరుగా చూస్తోంది, అతను చెప్పింది చెప్పినట్టు నమ్మడానికి సిద్ధంగా ఉంది. అట్లా నమ్మినవాళ్లకే అతను అబద్ధం చెప్పాడు ఇదివరకు.

"తెల్వదమ్మా," అన్నాడు. "డాక్టరు సాబుకు కూడ తెల్వది. జారేదో, లేదో. తెలిసే దారి లేకుంట చేసింది నేనె."

సంగమ్మ చేతిలోని మూటను చూసుకుంది.

"అయితె బతికినన్ని దినాలు నాకు ఈ అనుమానం ఉంటది గద అన్నా," అంది.

"ఉంటదమ్మా," అన్నాడు ఫిలిప్పు.